గట్టు మీది బడి

గాజు సీసా మూతికి పలుచటి గుడ్డ కట్టి ఉంది. లోపల వరి దుబ్బు నుంచి వేళ్లతో సహా తీసిన ఒక పిలక, దాని మీద పది సుడిదోమలు, ఒక సాలీడు. పొద్దున పొలంలో మొదలైన ఈ చిన్న పరీక్ష మధ్యాహ్నానికి ఒక రైతుతో పాటు ఇంటికి చేరుతుంది. అరుగు మీద నీడపట్టున ఉంటుంది. బడి నుంచి వచ్చిన పిల్లలు చుట్టూ మూగి దోమల్ని లెక్కపెడతారు. మర్నాడు లేవగానే మళ్లీ లెక్కపెడతారు. తగ్గి ఉంటాయి. ఆ మర్నాటికి ఇంకా తగ్గుతాయి. వారం తిరిగి తోటి రైతులంతా గట్టు మీద కూడినప్పుడు ఆయన చెబుతాడు: "మా సాలీడు రోజుకిన్ని తిన్నదన్నా." అందులోని "మా" అన్న మాట దగ్గర కాసేపు నిలబడాలనిపిస్తుంది. నిన్నటి దాకా పొలంలో కనపడితే పురుగుల్లో ఒక పురుగుగా చూసిన ప్రాణి, ఆ వారంలో ఆ ఇంటి సాలీడైపోయింది.

దీన్నే మన దగ్గర పొలంబడి అంటున్నాం. దీని పుట్టిల్లు ఇండొనేషియా. 1970ల్లో, 80ల్లో అక్కడి వరి పొలాలను సుడిదోమ తుడిచిపెట్టింది. ప్రభుత్వం రాయితీ మీద పురుగుమందులు ఇచ్చింది. కొట్టిన కొద్దీ దోమ పెరిగింది. కారణం మెల్లగా తేలింది. దోమ గుడ్లు ఆకు తొడుగు లోపల భద్రంగా ఉంటాయి, మందు వాటిదాకా పోదు. దుబ్బుల మధ్య తిరిగే సాలీళ్లు, మిరిడ్ నల్లులు మాత్రం ముందుగా చచ్చిపోతాయి. కొద్దిరోజుల్లో గుడ్లు పగిలి కొత్త దోమ బయటికొచ్చేసరికి దాన్ని తినే ప్రాణి మడిలో మిగలదు. 1986లో ఆ దేశం వరి మీద 57 రకాల పురుగుమందులు వాడకూడదని ఆపింది. ఆపితే సరిపోదనీ, మడిలో జరుగుతున్నదేమిటో రైతు తన కళ్లతో చూడాలనీ అనుకున్నారు. అలా 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అక్కడ తొలి పొలంబడులు నడిచాయి. తర్వాత ఆసియా అంతటికీ, ఆఫ్రికాకూ పాకాయి. మన తెలుగు నేలకూ వచ్చాయి.

ఆ బడి నడిచే తీరు చెప్పుకోదగ్గది. పాతిక మంది రైతులు. నారుమడి నాటి నుంచి కోత దాకా వారానికి ఒక పూట. అయిదుగురు చొప్పున జట్లుగా విడిపోయి మడిలోకి దిగుతారు. కొన్ని దుబ్బులు ఎంచుకుని పిలకలు లెక్కపెడతారు, ఆకు తిప్పి చూస్తారు, దుబ్బు తట్టి నీళ్ల మీద ఏం రాలిందో చూస్తారు. గట్టెక్కి, పెద్ద కాగితం పరిచి, రంగు పెన్సిళ్లతో వరి మొక్క బొమ్మ వేస్తారు. ఆ రోజు ఎండ కాస్తే సూర్యుణ్ణి, మబ్బు పడితే మబ్బును వేస్తారు. మొక్కకు ఒక పక్క శత్రు పురుగులు, రెండో పక్క మిత్ర పురుగులు. ఎన్ని కనపడితే అన్ని. యాభై ఏళ్లు నాగలి పట్టిన చెయ్యి పెన్సిలు పట్టి అక్షింతల పురుగు వీపు మీది చుక్కలు పెట్టడం చూసినవాళ్లకు ఆ దృశ్యం మరుపు రాదు. తర్వాత ఒక్కో జట్టు లేచి తన బొమ్మ చూపించి, ఈ వారం మందు కొట్టాలా, అక్కర్లేదా, నీళ్లు తీసేయాలా, కాలిబాటలు సరిగా ఉన్నాయా అన్నది చెబుతుంది. మిగతావాళ్లు ప్రశ్నిస్తారు. ఒక్కోసారి గొంతులు పెరుగుతాయి.

బడి నడిపేవారికి ఒక కట్టుబాటు ఉంది. రైతు పురుగును తెచ్చి "సార్, ఇదేం పురుగు?" అంటే పేరు చెప్పకూడదు. "ఎక్కడ దొరికింది మీకు?" అని అడగాలి. "ఆకు మీద." "అక్కడ ఏం చేస్తోంది? ఆకు కొరుకుతోందా, ఇంకో పురుగును పట్టుకుందా?" "అది చూళ్లేదు సార్." "అయితే చూసి రండి." ఆ రైతు మళ్లీ మడిలోకి దిగుతాడు. అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు దొరకనందుకు తొలి రెండు వారాలు కొందరికి విసుగు కూడా వస్తుంది. అయిదో వారానికి ఎవరూ ఆ ప్రశ్నను అలా అడగరు. "ఇది దోమ మెడ పట్టుకుని ఉంది సార్, దీన్ని ఉంచుకోవాలి కదా" అంటారు. పేరు తెలియడం కంటే ముందు పని తెలిసింది.

ఇంకో పరీక్ష ఉంది. నాటిన తొలి వారాల్లో ఒక చిన్న మడిలో వరి ఆకుల్ని కత్తెరతో సగం దాకా కత్తిరించేస్తారు, పురుగు తిన్నట్టు. పక్క మడిని ముట్టుకోరు. రెంటికీ ఎరువు ఒకటే, నీళ్లు ఒకటే. కోతనాడు విడివిడిగా తూస్తారు. లేత దశలో పోయిన ఆకును వరి మళ్లీ తెచ్చుకుంటుంది గనుక తూకంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. ఆకు మీద నాలుగు చిల్లులు చూసి పంపు వీపుకెత్తుకున్న రోజులన్నీ ఆ తూకం ముందు గుర్తుకొస్తాయి.

తెలియకనే రైతు మందు కొట్టాడని అనుకోవడం అతనికి అన్యాయం చేయడమే. భయం వల్ల కొట్టాడు. పెట్టుబడి అప్పు. విత్తనం, ఎరువు, మందు ఏ దుకాణంలో ఉద్దెర తెచ్చాడో పంట పండాక తీర్చాల్సిందీ అక్కడే. ఆకు తుంచుకుపోయి చూపిస్తే ఏం చేయాలో చెప్పేదీ ఆ దుకాణమే. అమ్మేవాడే సలహాదారు అయిన చోట సలహా ఎటు మొగ్గుతుందో వేరే చెప్పక్కర్లేదు. పక్క చేను ఆసామి కొట్టాడంటే తన చేనుకు ఏమవుతుందోనని రాత్రి నిద్ర పట్టదు. ఆ రాత్రికీ తెల్లవారి పంపు ఎత్తుకోవడానికీ మధ్య మడిలోకి దిగి పది దుబ్బులు లెక్కపెట్టే ఒక గంటను పొలంబడి చేర్చింది. అది చేసిన పెద్ద పని మా దృష్టిలో ఇదే.

పాత ఖమ్మం జిల్లాలో, ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పాల్వంచ దగ్గర, పునుకుల అనే ఊరుంది. పత్తి, మిరప పండించే ఊరు. పురుగుమందుల అప్పుల్లో మునిగిన ఊరు. 1990ల చివర ఒక స్వచ్ఛంద సంస్థ అక్కడి కొద్దిమంది రైతులతో కలిసి వేప గింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి కషాయం, లింగాకర్షక బుట్టలు, చుట్టూ ఆముదం, మధ్యలో బంతి వేయడం మొదలుపెట్టింది. ముందు వచ్చినవాళ్లు తక్కువ, ఆగి చూసినవాళ్లు ఎక్కువ. ఆగి చూడడంలో తప్పేమీ లేదు. అప్పున్నవాడు ప్రయోగం చేయలేడు. ఖర్చు తగ్గినట్టు పక్క చేలో కనపడ్డాకే మిగతావాళ్లు కదిలారు. ఆ కదలికలో ఇంటి ఆడవాళ్ల పట్టుదల పెద్దది, మందు డబ్బా ఇంట్లో ఉంటే ఏం జరగగలదో వాళ్లకు తెలుసు గనుక. 2004 నాటికి పురుగుమందు లేని ఊరిగా పునుకుల పేరు తెచ్చుకుంది. దాన్ని చూడడానికి వేరే జిల్లాల నుంచి రైతులు బస్సుల్లో వచ్చారు. వాళ్లకు పాఠం చెప్పింది శాస్త్రవేత్తలు కాదు, ఆ ఊరి రైతులు, వాళ్ల భార్యలు.

పురుగు సంగతి ఇలా ఉంటే నీటి సంగతి ఇంకా కష్టమైనది. పురుగును ఆకు తిప్పి చూడొచ్చు. నేల కింద నీరు కనపడదు. రాయలసీమలో, పాలమూరులో, నల్లగొండలో ఒకరి బోరు ఎండితే ఇంకొంచెం లోతుకు ఇంకొకటి వేశారు. అది పక్కవాడి బోరును ఎండబెట్టింది. అతనూ వేశాడు. ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఒకే కుండకు చుట్టూ కూర్చుని, ఎంత ఉందో తెలియక, ముందు తాగినవాడికే దక్కుతుందన్న తొందరలో తాగినట్టయింది.

2003 నుంచి కొన్నేళ్లపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ, ఈ ఏడు కరవు జిల్లాల్లో ఆరు వందలకు పైగా పల్లెల్లో ఒక పని జరిగింది. ఆహార, వ్యవసాయ సంస్థ అండ ఉంది, స్వచ్ఛంద సంస్థలు నడిపాయి. దాని గురించి తెలుగు పత్రికలు రాయాల్సినంత రాయలేదు. ఊళ్లో వానమాపకం పెట్టారు. వాన పడిన ప్రతి పొద్దునా ఒక రైతు వెళ్లి ఎన్ని మిల్లీమీటర్లో చూసి రాశాడు. ఎంచిన బోర్లలో పదిహేను రోజులకోసారి తీగ దించారు. నీటిని తాకగానే కూత పెట్టే తీగ అది. కూత వినపడిన చోట తీగ మీది గుర్తు చూసి నీరు ఎంత లోతున ఉందో రాశారు. మోటారు వేసి బిందె నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూసి బోరు ఎంత పోస్తోందో లెక్కగట్టారు. ఆ అంకెలు ఏ ఆఫీసుకో పోయి ఫైళ్లలో పడుకోలేదు. ఊరి మధ్య గోడ మీద, వచ్చేపోయే అందరికీ కనపడేలా రాశారు. చదువు రానివాళ్లకు పక్కవాళ్లు చదివి చెప్పారు.

ఆ తర్వాతది అసలు బడి. రబీకి ముందు ఒక వాగు పరివాహకంలోని ఊళ్ల రైతులంతా ఒకచోట కూర్చుని, ఈ ఏడు ఎంత వాన పడింది, అందులో ఎంత ఇంకింది, ఎంత తోడేశాం, ఎంత మిగిలింది అని లెక్క వేశారు. ఎవరెవరు ఏ పంట ఎన్నెకరాలు వేద్దామనుకుంటున్నారో పక్కన రాశారు. ఉన్న నీటికీ అడిగిన నీటికీ తేడా తేల్చారు.

ఆ లెక్క ఎలాంటిదో చూడండి. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే నాలుగు వేల లీటర్ల పైచిలుకు. అనంతపురంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల అటూ ఇటూ. గట్టి రాతి నేలలో పడ్డ వానలో పదో వంతు దరిదాపుల్లోనే కిందికి ఇంకుతుంది. అంటే ఎకరానికి ఏడాదికి చేరేది రెండు లక్షల చిల్లర లీటర్లు. ఒక పంట వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు అనుకుంటే ఎకరానికి 48 లక్షల లీటర్లు. వేరుశనగకైతే అందులో సగం కూడా అక్కర్లేదు. మోటుగా వేసినా తేలేదేమిటంటే, బోరు మీద ఎకరం రబీ వరి తడపాలంటే ఇరవై ఎకరాల మీద ఇంకిన వాన ఒక్కచోటికి రావాలి. వరి మడి నుంచి కొంత నీరు తిరిగి ఇంకుతుంది, దాన్నీ కలపాలి, చెరువు ఉంటే దాన్నీ కలపాలి. ఊళ్లో వేసిన లెక్కలో అవన్నీ ఉంటాయి. అవన్నీ కలిపినా ఎవరెవరి మడికి ఎవరెవరి బోరు ఎండుతోందో గోడ మీద కనపడుతుంది.

ఆ సభల్లో ఎవరూ ఎవరినీ వరి వేయొద్దని శాసించలేదు. బోరు వేయడానికి అనుమతి కావాలనలేదు. రాయితీ ఇస్తామని ఆశ పెట్టలేదు. లెక్క చూసుకుని చాలాచోట్ల రైతులు తమంతట తాము రబీ వరి తగ్గించుకున్నారు, ఆరుతడి పంటలకు మళ్లారు, డ్రిప్పు వేసుకున్నారు. తగ్గించుకోనివాళ్లూ ఉన్నారు. ఒక ఇంట్లో పెళ్లి ఉంటుంది, ఒక ఇంట్లో తిండిగింజలకు వరి తప్పదు. అవి కూడా ఆ సభలో అందరి ముందూ చెప్పుకున్న సంగతులే. వేల మంది సాధారణ రైతులు భూగర్భ జలాన్ని ఆస్తిలా కాక ఉమ్మడి ఖాతాలా చూసి మాట్లాడుకున్న సందర్భాలు మన దేశంలో ఎక్కువ లేవు. ఇప్పుడు నీటి ఎద్దడి మాట వచ్చినప్పుడల్లా కొత్త చట్టం, కొత్త పథకం గురించి మాట్లాడతాం. మన ఊళ్లలోనే వెలసిపోయిన గోడరాతల కింద ఉన్న ఆ అనుభవం ఎవరూ అడగక పడి ఉంది.

ఈ బడుల్లో చాలాచోట్ల ఒక లోపం కూడా ఉంది. పేర్లు రాసుకునేటప్పుడు పట్టాదారు పాసు పుస్తకం ఎవరి పేరున ఉందో చూస్తారు. ఆ లెక్కన ఇద్దరు బయటే మిగులుతారు. నాటు వేసేది, కలుపు తీసేది, విత్తనం దాచేది అయిన ఆడమనిషి ఒకరు. భూమి చేసేవాడైనా కాగితం మీద ఎక్కడా లేని కౌలు రైతు ఇంకొకరు. సుడిదోమను అందరికంటే ముందు చూసేది వంగి కలుపు తీసే మనిషి. ఆమెను పిలవని బడికి సగం చూపే ఉంటుంది. పొద్దున ఏడింటికి పెడితే ఆమె పొయ్యి దగ్గర ఉంటుంది, పదకొండింటికి పెడితే కూలి పోతుంది. బడికి ఎవరొస్తారన్నది పాఠం కంటే ముందు గంటే తేలుస్తుంది.

గంట కుదిరితే ఏం జరుగుతుందో నెల్లూరు జిల్లా చూపించింది. 1990-91లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పనులు ముగించుకుని, పిల్లలకు అన్నాలు పెట్టి, రాత్రిపూట ఆడవాళ్లు పలకలు పట్టుకుని కూర్చున్నారు. చేతిలోని వాచకంలో సారా వల్ల సంసారం చితికిపోయిన ఒక ఆడమనిషి కథ పాఠంగా ఉంది. కలిగిరి మండలం దూబగుంటలో ఆ పాఠం చదివిన ఆడవాళ్లు, ఇది మన కథే కదా అనుకున్నారు. వర్ధినేని రోశమ్మ ముందు నడవగా ఊళ్లో సారా దుకాణం మూయించారు. తర్వాత ఆ ఊరి కథే ఇంకో వాచకంలో పాఠమైంది. అది చదివి పక్క ఊళ్లు లేచాయి. ఆ ఊళ్లను చూసి జిల్లా లేచింది. సారా వేలాలు ఆగాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చి రెండేళ్లకే పోయింది, అది వేరే చర్చ. ఇక్కడ చూడాల్సింది ఇంకొకటి. "అ" దిద్దించడానికి పెట్టిన బడి అది. నేర్చుకునేవాళ్ల బతుకు అక్షరంలోకి రాగానే ఆ బడి ఎటు పోతుందో పెట్టినవాళ్లకు కూడా తెలియలేదు. నిజమైన చదువుకు ఆ స్వేచ్ఛ ఇవ్వాలి. ఇవ్వడానికి ధైర్యం కావాలి.

జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి ఊళ్లలో పేద దళిత మహిళల సంఘాలతో పని చేస్తోంది. 2023లో కన్నుమూసిన పి.వి. సతీష్ దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. ఎర్ర నేలలో, వాన మీదే ఆధారపడి, ఒకే చేలో జొన్న, కంది, కొర్ర, సామ, అనుము, ఇంకా ఎన్నో కలిపి వేసే ఆ ఆడవాళ్ల దగ్గర ఉన్నది తక్కువ జ్ఞానం కాదు. దాన్ని వినేవాళ్లే లేకపోయారు. 1998 ప్రాంతంలో యునెస్కో సాయంతో మాచనూరులో వాళ్లకు రేడియో గది కట్టారు. ప్రసారానికి అనుమతి రాలేదు. అయినా వాళ్లు ఊరుకోలేదు. దాదాపు పదేళ్లు క్యాసెట్ల మీద తమ మాటలు, పాటలు, విత్తనాల ముచ్చట్లు రికార్డు చేసి సంఘాల్లో వినిపించుకున్నారు. 2008 అక్టోబరు 15న అనుమతితో సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు గ్రామీణ యువతులు దాన్ని నడిపారు. అందులో వినిపించేది జహీరాబాదు యాస. ఆ రేడియోలో కొర్రలు ఎప్పుడు అలకాలో చెప్పే ముసలమ్మకు, వినే కోడలికి మధ్య అర్థం చెప్పే మనిషి అవసరం లేదు. ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద విత్తనాల కుండలు పెట్టుకుని ఊరూరా నెల రోజులు తిరిగే పాత పంటల జాతర కూడా ఒక బడే. బండి ఆగిన ఊళ్లో ఆడవాళ్లు వచ్చి కుండలో చెయ్యి పెట్టి గింజలు చూస్తారు, "ఇది మా అమ్మగారింట్ల ఉండె" అంటారు.

నడిచి వచ్చే బడి మనకు కొత్త కాదు. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లా కాలువలో, కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య, పడవలో గ్రంథాలయం నడిపారు. ఒడ్డున ఉన్న ఊళ్ల జనం పడవ కోసం ఎదురుచూసి పుస్తకాలు మార్చుకున్నారు. ఊరు చదువు దగ్గరికి రాలేకపోతే చదువే ఊరి దగ్గరికి పోవాలనుకున్న తరం అది.

ఇక యువతరం సంగతి. ఊళ్లో ఇరవై ఏళ్ల కుర్రాడి చేతిలో ఫోనుంది. తండ్రికి సందేహం వస్తే వాడు వీడియో తెరుస్తాడు. అందులో మాట్లాడేవాళ్లు ఏ నేల నుంచి, ఏ వాన కింద మాట్లాడుతున్నారో తెలియదు. చెప్పింది నిజమే కావచ్చు, కానీ ఈ చేనుది కాకపోవచ్చు. వాణ్ణి సేద్యంలోకి రమ్మని ఉపదేశించే హక్కు మనకు లేదు. గిట్టుబాటు లేని పనిలోకి ఎవరి బిడ్డనూ పిలవకూడదు. అయితే ఊరి గురించి తెలుసుకునే అవకాశం మాత్రం ఇవ్వొచ్చు. పదో తరగతి తర్వాత రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా చదువుకుని ఊరికి వచ్చినవాళ్లున్నారు. వాళ్లలో ఎంతమందికి సొంత మండలంలో పని దొరుకుతోంది? వ్యవసాయ డిగ్రీ చదివే పిల్లలు ఆఖరి ఏడాదిలో కొన్ని వారాలు ఊళ్లో రైతుల దగ్గర గడపాలన్న నియమం ఉంది. వాళ్లతో మాట్లాడితే ఒక సంగతి తరచూ వినపడుతుంది: నాలుగేళ్ల చదువులో గుర్తుండిపోయింది ఆ వారాలేనని. రైతు ఇంట్లో అన్నం తిని, పాలు పితకబోయి తన్నించుకుని, పుస్తకంలో చదివిన తెగులును నిజం ఆకు మీద మొదటిసారి చూసిన రోజులవి. ఆ వారాలను నెలలు చేస్తే నష్టమేముంది? ఆ పిల్లల కాగితం డిగ్రీ పక్కన ఆ ఊరి రైతుకు కూడా ఒక గురువు గౌరవం ఇస్తే ఎంత బాగుంటుంది!

ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి నడుస్తున్న సమాజ ఆధారిత ప్రకృతి సేద్యంలో ఆ దారి కొంత కనపడుతోంది. రైతు సాధికార సంస్థ దాన్ని మహిళా సంఘాల మీదుగా నడుపుతోంది. తన పొలంలో చేసి చూసిన రైతే పక్క ఊరికి వెళ్లి నేర్పాలన్నది అక్కడి పద్ధతి. 2024లో ఆ పనికి గుల్బెంకియన్ మానవతా పురస్కారంలో భాగం దక్కింది. ప్రకృతి సేద్యం దిగుబడుల మీద వాదనలున్నాయి, ఉండనివ్వండి. చేసి చూసినవాడే చెప్పాలన్న పద్ధతిని మాత్రం ఏ సేద్యమైనా తీసుకోవచ్చు.

మన రెండు రాష్ట్రాల్లో ఇప్పుడు కూర్చోవడానికి చోటుకు కొదవ లేదు. తెలంగాణలో 2,601 రైతు వేదికలు కట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో రైతు భరోసా కేంద్రాలుగా మొదలై ఇప్పుడు రైతు సేవా కేంద్రాలైనవి పది వేలకు పైగా వెలిశాయి. కానీ చాలాసార్లు అక్కడ జరిగేది అవగాహన సదస్సు. మైకులో ఒకరు మాట్లాడతారు, మిగతావాళ్లు వింటారు, సంతకాలు పెడతారు, ఫొటో తీసుకుంటారు, ఇంటికి పోతారు. మాట్లాడిన అధికారిని తప్పుపట్టలేం. ఒక్కో విస్తరణాధికారి మీద ఎన్నో ఊళ్లు, పంట నమోదు, ఎరువుల లెక్కలు, పరిహారం జాబితాలు ఉన్నాయి. వారం వారం ఒకే పాతిక మందితో గట్టు మీద కూర్చునే తీరిక అతనికి ఎవరూ ఇవ్వలేదు. ఆ తీరికే ఇవ్వాలని మేం అడుగుతున్నాం. ఊరికొక మనిషి, ఆ ఊరి మనిషే, ఆడో మగో, పొలంబడి నడపడం నేర్చినవాళ్లు, నెల నెలా జీతం అందేవాళ్లు ఉండాలి. పథకం ముగిసిన నాడు వాళ్లను ఇంటికి పంపకూడదు. సీసాలు, గుడ్డలు, పెన్సిళ్లు, ఒక వానమాపకం, నీటి మట్టం కొలిచే ఒక తీగ, వీటి ఖర్చు పెద్దది కాదు. మనిషి ఖర్చే అసలు ఖర్చు. అది పెట్టదగ్గ ఖర్చు.

జడ్పీ హైస్కూలు ఆవరణలో వానమాపకం ఒకటి పెడితే తొమ్మిదో తరగతి పిల్లలు రోజూ రాస్తారు. ఆ అంకెను ఇంటికి తీసుకెళ్తే తాత దాన్ని తన పదును లెక్కతో పోల్చుకుంటాడు. "పది మిల్లీమీటర్లంటే ఎంత తాతా, దుక్కికి చాలుతుందా?" అని మనవరాలు అడుగుతుంది. ఆయన లేచి చేలోకి పోయి వేలితో మట్టి తవ్వి చూపిస్తాడు.

మృగశిర కార్తెతో వానలు మొదలవుతాయి. ఆ తర్వాత నాలుగు నెలలకు అవి తగ్గుముఖం పడతాయి, రబీ మాట వస్తుంది. అప్పుడు ఏ ఊరైనా, చిన్నదో పెద్దదో, ఎంత వాన పడింది, బోర్లలో నీరు ఎంత లోతున ఉంది, ఎవరు ఏ పంట వేయాలనుకుంటున్నారు అని ఒక రోజు కూర్చుని లెక్క వేసుకుంటే, ఆ కాగితం ఎలా ఉంటే అలా మాకు పంపండి. కొట్టివేతలు ఉన్నా ఫరవాలేదు. ఈ పేజీలో దానికి చోటు ఉంచుతాం.